మగపెళ్లివారి కారు, ఆడపెళ్లివారి టైరు

ఫోర్డు వారికీ ఫైర్‌స్టోన్ వారికీ 1947లో వియ్యం కుదిరింది. హెన్రీ ఫోర్డు మనవడు విలియం క్లే ఫోర్డు, హార్వీ ఫైర్‌స్టోన్ మనవరాలు మార్తాను పెళ్లాడాడు. తాతల స్నేహం అంతకు 40 ఏళ్ల ముందుది. ఈ తాత కార్లు చేస్తే ఆ తాత వాటికి టైర్లు అమ్మేవాడు. ఇంతకంటే ఈడూ జోడూ కుదిరిన సంబంధం ఏ పెళ్లిళ్ల పేరయ్యా తేలేడు.

మన పెళ్లిళ్లలో పేచీలు అప్పడాల దగ్గరో, ఆడపడుచు లాంఛనాల దగ్గరో మొదలవుతాయి. వీళ్ల పేచీ గాలి దగ్గర వచ్చింది.

1990లో ఫోర్డు కంపెనీ ఎక్స్‌ప్లోరర్ అనే ఎత్తు బండిని దింపింది. పిల్లల్ని బడి దగ్గర దించడానికి కొండలెక్కే బండి కావాలని అమెరికా అమ్మానాన్నలకి అప్పుడే తోచింది. ఎగబడి కొన్నారు. బండి ఠీవిగానే ఉంటుంది కానీ, గబుక్కున స్టీరింగ్ తిప్పితే పల్టీ కొట్టాలని చూస్తుంది. ఈ సంగతి అమ్మకానికి ముందే పరీక్షల్లో ఇంజినీర్లకి తెలిసింది. చక్రాల మధ్య వెడల్పు పెంచుదామా అంటే ఖర్చు, పైగా ఆలస్యం. సస్పెన్షన్ కాస్త సర్దారు. మిగతాది లోకంలో అన్నిటికంటే చవకైన సరుకుతో సరిపెట్టారు. టైర్లలో 26 పౌండ్ల గాలి చాలని తలుపు పక్కన స్టిక్కరు అంటించారు. టైరు వారు కూడా తల ఊపారు.

గాలి తక్కువైన టైరు ఏమవుతుందో ఏ పంక్చరు షాపు కుర్రాడిని అడిగినా చెబుతాడు. పక్కగోడలు ప్రతి చుట్టుకీ నలిగి లేచి వేడెక్కుతాయి. లోపల ఒకదాని మీద ఒకటి రెండు ఉక్కు తీగల బెల్టులు, మధ్య పల్చటి రబ్బరు. బెల్టుల అంచున వేడికి ఆ రబ్బరు చిట్లుతుంది. చిట్లినట్టు బయటికి కనబడదు, లోలోపలే చుట్టూ పాకుతుంది. చివరికి ఏ మిట్టమధ్యాహ్నమో, 110 కిలోమీటర్ల వేగంలో, టపటపమని చప్పుడు మొదలవుతుంది. డ్రైవరు రేడియో తగ్గించి చెవి ఒగ్గేలోగా పై బెల్టూ దాని మీది ట్రెడ్డూ కలిసి ఊడి వెనక రోడ్డు మీద పడతాయి. బండి ఒక పక్కకి లాగుతుంది. ఆయన కంగారుగా స్టీరింగ్ రెండో పక్కకి తిప్పుతాడు. అసలే ఎత్తు బండి.

ఈ టైర్ల ప్రమాదాల్లో అమెరికాలోనే 271 మంది పోయారని, 800 మందికి పైగా గాయపడ్డారని అక్కడి ప్రభుత్వం లెక్క తేల్చింది. వెనెజ్వెలాలో ఇవే టైర్లకి బలైనవాళ్లు ఈ లెక్కలో లేరు.

1998లోనే స్టేట్ ఫార్మ్ బీమా కంపెనీ పరిశోధకుడొకాయన ఇలాంటి కేసులు 21 ఏరి రహదారి భద్రతా సంస్థకి ఈమెయిల్ పంపాడు. సర్కారీ ఆఫీసులో కాగితానికి పట్టే గతే ఈమెయిల్‌కీ పట్టింది. ఈ విషయంలో అగ్రరాజ్యం మనకేమీ తీసిపోలేదు. 1999లో సౌదీలోనూ చుట్టుపక్కల గల్ఫ్ దేశాల్లోనూ ఫోర్డు వారు చప్పుడు చేయకుండా టైర్లు మార్చారు. మన కరీంనగర్, కడప కుర్రాళ్లు స్టీరింగ్ పట్టుకునే రోడ్లే అవి. అయితే దాన్ని రీకాల్ అనలేదు. అక్కడ మారిస్తే ఇక్కడ అమెరికా రవాణాశాఖకి చెప్పాల్సి వస్తుందేమోనని ఫైర్‌స్టోన్ లాయర్లు జంకుతున్నట్టు ఫోర్డు వారి లోపలి కాగితమే చెబుతుంది. నిజానికి ఆ భయం కూడా అక్కర్లేదు. విదేశాల్లో చేసిన మరమ్మతు స్వదేశంలో చెప్పి తీరాలన్న చట్టం అప్పటికి లేదు. సౌదీ ఎండ సౌదీది, అరిజోనా ఎండ అరిజోనాది.

2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ టీవీ స్టేషన్ ఒకటి ఈ బాగోతం బయటపెట్టింది. టైరు కంపెనీ వారు ఆ స్టేషన్‌కి ఘాటుగా ఉత్తరం రాసి తమ పని అయిందనుకున్నారు. ఫిర్యాదులు వరద కట్టాయి. ఆగస్టు 9న 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకుంటామని ప్రకటించక తప్పలేదు. అదీ విడతలవారీగా. ముందు అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్. మిగతా రాష్ట్రాల వంతు ఆ తర్వాత, చల్లటి రాష్ట్రాలదైతే మరుసటి ఏడాదికి. అంటే ఫ్లోరిడాలో ప్రాణాంతకమైన టైరు సరిహద్దు దాటి జార్జియాలో అడుగుపెట్టగానే బుద్ధిమంతురాలైపోతుందన్నమాట. జనం దుమ్మెత్తిపోశాక పక్క కంపెనీ టైర్లు వేయించుకున్నా డబ్బిస్తామన్నారు.

తమ టైరు ఆ జాబితాలో ఉందో లేదో తెలుసుకోవడం ఇంకో వ్రతం. వైల్డర్‌నెస్ ఏటీ రకంలో ఇల్లినాయ్ రాష్ట్రం డెకేటర్ ఫ్యాక్టరీలో చేసినవే వెనక్కి తీసుకుంటారు. ఫ్యాక్టరీ గుర్తు వీడీ అని రెండే అక్షరాలు. ఆ గుర్తు ఉండే టైరు నంబరు పూర్తిగా ఒక పక్కనే అచ్చేసేవారు. ఆ పక్క చాలాసార్లు బండి కిందికి తిరిగి ఉండేది. కాబట్టి గృహస్థుడు టార్చిలైటు పుచ్చుకుని, బండి కింద వెల్లకిలా పడుకుని, నల్ల రబ్బరు మీద నల్ల అక్షరాలు వేలితో తడుముకుంటూ చదువుకోవాలి. వీడీ లేకపోతే బతుకుజీవుడా అని లేచి వీపు దులుపుకోవచ్చు. అలా దులుపుకున్నవాళ్లకి ఏడాది తిరక్కుండానే ఫోర్డు వారు కబురు పెట్టారు, మిగిలిన వైల్డర్‌నెస్ టైర్లూ నమ్మదగ్గవి కావు, మరో కోటీ 30 లక్షలు మార్చేస్తున్నాం అని.

ఈలోగా 2000 సెప్టెంబరు 6న వియ్యాలవారు వాషింగ్టన్‌లో చట్టసభ ముందు హాజరయ్యారు. ఆడపెళ్లివారి ఇల్లు 1988లోనే జపాన్ బ్రిడ్జ్‌స్టోన్ వారికి అమ్ముడుపోయింది గనక, వారి తరఫున మసతోషి ఒనో వచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. మగపెళ్లివారి తరఫున సీఈఓ జాక్ నాసర్ వచ్చి, తప్పంతా టైరుదే, బండి బంగారం అన్నారు. ఫోర్డు ఛైర్మన్ కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు? 1947 నాటి పెళ్లి జంట కొడుకే. ఎవరిని తిట్టినా తల్లివైపో తండ్రివైపో తగులుతుంది.

ఇదే బండికి, ఇదే 26 గాలితో, గుడ్‌ఇయర్ టైర్లు వేస్తే ఊడలేదే అని ఫోర్డు వారి వాదన. ఇవే టైర్లు మీ రేంజర్ ట్రక్కుకి వేస్తే ఇంత రభస లేదే అని ఫైర్‌స్టోన్ వారి వాదన. గాలి 30 ఉండాల్సిందని కూడా వారికి పదేళ్ల తర్వాత జ్ఞానోదయమైంది. రెండు పక్షాల సాక్ష్యంలోనూ నిజముంది. ఆ రెండు నిజాలూ ఒకే బండి ఎక్కినప్పుడే పల్టీ కొట్టింది. టైరు వారు మొదట్లో మూడో ముద్దాయిని కూడా పట్టుకున్నారు. గాలి చూసుకోని కస్టమరు!

2001 మే 21న ఫైర్‌స్టోన్ వారు ఇక మీతో మాకు పొత్తు లేదని ఉత్తరం రాశారు. మర్నాడే ఫోర్డు వారు ఆ కోటీ 30 లక్షల మాట ప్రకటించారు, ఖర్చు 300 కోట్ల డాలర్లు. 2005లో టైరు వారు 24 కోట్ల డాలర్లు ముట్టజెప్పి రాజీ పడ్డారు. అంతకు చాలా ముందే నాసర్ దిగిపోతే పెళ్లివారబ్బాయే ఆ సీఈఓ పదవి కూడా చేపట్టాడు. డెకేటర్ ఫ్యాక్టరీ మూతపడి కార్మికులు ఇంటిదారి పట్టారు.

చట్టం మాత్రం చకచకా వచ్చింది. విచారణ జరిగిన రెండు నెలల్లోపే, నవంబరు 1న, క్లింటన్ సంతకం పెట్టేశారు. లోపం దాచి ప్రాణాలు తీస్తే 15 ఏళ్ల దాకా జైలు. తర్వాత బుద్ధి తెచ్చుకుని తగిన గడువులో నిజం చెబితే జైలు లేదు. టైర్లో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగాలన్న నియమం కూడా ఈ చట్టం చలవే, 2008 మోడళ్ల నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి అయింది. స్టిక్కరు మీద రాసిన దానికంటే గాలి పాతిక శాతం పడిపోతే దీపం వెలుగుతుంది. స్టిక్కరు మీదే 26 అని రాస్తే 26 దగ్గర దీపానికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

మనకీ చట్టం వచ్చింది, కాస్త ఆలస్యంగా. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి లోపమున్న బండ్లని వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం కేంద్రం తీసుకుంది. బండి వయసు 7 ఏళ్ల లోపు ఉండాలి. ఫిర్యాదులు, అమ్మకాలని బట్టి, ఒక లెక్కకి చేరాలి. జరిమానా పది లక్షల నుంచి కోటి దాకా. కోటి రూపాయలకి ఈరోజుల్లో ఒక మంచి ఎస్‌యూవీ వస్తుంది.

గాలి చూపే దీపం గురించీ మనవాళ్లు ఆలోచించకపోలేదు. 2020 జూలైలో నిబంధన తెచ్చారు. ఆ దీపమూ, ట్యూబ్‌లెస్ టైర్లూ, పంక్చరు వేసుకునే కిట్టూ ఉన్న కారుకి ఇక స్టెప్నీ ఇవ్వనక్కర్లేదు. మిగిలిన చోటు దేనికైనా వాడుకోవచ్చట, ఎలక్ట్రిక్ కారైతే ఇంకాస్త పెద్ద బ్యాటరీ పెట్టుకోవచ్చట.