షట్‌డౌన్ లేని అన్నపూర్ణ

విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుము కరిగించే కొలుములకు కూడా ఆడపేర్లు పెట్టుకున్న ఊరికి మాతృభక్తి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మే నెల రెండో ఆదివారం, మదర్స్ డే నాడు పొద్దున్నే గాజువాకలోనో ఎంవీపీ కాలనీలోనో ఎవరి ఫోను తెరిచినా ఒకటే దృశ్యం. స్టేటస్‌లో ఓ అమ్మ, పక్కన గులాబీ, కింద ‘నీ రుణం తీర్చుకోలేను’.

ఆ ముక్క మాత్రం నిజమే. అప్పు తీర్చలేనని ముందే రాసిచ్చేస్తే బజార్లో ఐపీ పెట్టడం అంటారు. ఇంట్లో అయితే మాతృభక్తి.

అమెరికాలో ఈ పండగ మొదలుపెట్టిన ఆనా జార్విస్ 1914లో దానికి ప్రభుత్వ గుర్తింపు సాధించింది. తర్వాత పూలకొట్లవాళ్లూ కార్డుల కంపెనీలూ దాన్ని ఎగరేసుకుపోయారని వాళ్లమీదే పోరాడింది. అచ్చేసిన కార్డు పంపేవాడు ఉత్త బద్ధకస్తుడని ఆమె అభిప్రాయం. ఫార్వర్డు మెసేజీలు చూసే యోగం లేకుండా 1948లోనే కన్నుమూసింది, అదృష్టవంతురాలు.

‘అమ్మ సేవకు వెల కట్టలేం’ అన్నది ఆ రోజు వినిపించే రెండో మంత్రం. ఎందుకు కట్టలేం? సుప్రీంకోర్టు శుభ్రంగా కట్టింది. మరో ఉక్కు ఊరు జంషెడ్‌పూర్‌లో 1989లో ఓ వేడుకలో అగ్నిప్రమాదం జరిగి గృహిణులు చనిపోయారు. 2001లో ఆ కేసు తేల్చిన న్యాయమూర్తులు ఇంటి చాకిరీని నెలకు 3,000 రూపాయలుగా లెక్కేశారు. అరవై దాటిన పెద్దవాళ్లకైతే ఏడాదికి 20,000. మామ్మకు తరుగు తీసేశారన్నమాట! కోర్టును ఆడిపోసుకోనక్కర్లేదు, అంతకుముందు కట్టిన లెక్క ఇంకా తక్కువ. అసలు చిక్కు వేరే ఉంది. వెల తెలియాలంటే ముందు మనిషి పోవాలి.

బతికున్నవాళ్ల లెక్క 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో దొరుకుతుంది. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88 పెడుతున్నారు. ఆ 88 కూడా పని ముట్టుకున్న మగమహారాజుల సగటే. ముట్టుకోనివాళ్లు అందులోకి రానేరారు.

ఫర్నేసు సంగతి చూడండి. కొన్నేళ్లకోసారి కాపిటల్ రిపేరు ఉంటుంది. మంట ఆర్పి, లోపల అరిగిన ఇటుకలు మార్చి, మళ్లీ వెలిగిస్తారు. 2024లో ముడిసరుకు చాలక అన్నపూర్ణ ఆగినప్పుడు ఊరంతా కంగారుపడింది. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇంట్లో అన్నపూర్ణ మోకాళ్లు అరిగాయంటే మాత్రం ప్యాకేజీ ఒక్కటే. ‘వయసన్నాక మామూలేనమ్మా, జండూబామ్ రాసుకో.’

సాయంత్రం ఆర్కే బీచ్‌లో వేడుక. అమ్మను నడిపించుకొచ్చి, కేకు కోయించి, సముద్రం కనపడేలా నిలబెట్టి ఫొటోలు తీస్తారు. అందరూ నీళ్లలోకి దిగుతారు. చెప్పులూ, ఫోన్లూ, మనవడి తడి నిక్కరూ పట్టుకుని ఒడ్డున నిలబడేది ఆ రోజు కథానాయికే. మురీ మిక్చర్ ఆవిడ వంతు వచ్చేసరికి మెత్తబడిపోతుంది.

రాత్రి ఉక్కునగరం క్వార్టర్‌కి చేరాక కొడుకు ఫొటోలకు వచ్చిన లైకులు లెక్కపెట్టుకుంటాడు. వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంటుంది.

‘అమ్మా, రేపు నాది పొద్దున ఏ-షిఫ్టు. అయిదింటికల్లా క్యారేజీ కావాలి.’