బాతును గొంతు విని కొనండి

బాతులు పెంచాలని ఉందంటే చాలు, ఎవరైనా ముందు చెప్పేది కాకీ కాంప్‌బెల్ పేరే. ఏడాదికి 300 గుడ్లదాకా పెడుతుంది, ఇంకేం కావాలంటారు. వందల బాతులు పెంచేవాళ్ళకి ఆ లెక్క సరే. మీకున్నది అరెకరం దొడ్డి, దాని పక్కనో పంటబోదె, పెంచేది పది బాతులైతే ఆ లెక్క వినకండి. పది బాతుల గుడ్లతో ఎవరి అప్పూ తీరదు. ఆ పది గొంతులు మాత్రం తెల్లవారుజామునుంచి పొద్దుగూకేదాకా మీ వంటింట్లోకి వినబడుతూనే ఉంటాయి. కాబట్టి ముందు గొంతు వినండి, ఆ తర్వాత నడక చూడండి. గుడ్ల సంగతి అడక్కపోయినా ఫరవాలేదు.

గట్టిగా అరిచేది ఆడబాతే. మగదానికి బొంగురు గొంతు, పక్కన నిలబడితేగాని వినబడదు. మస్కోవీ జాతి వేరు. మన పెంపుడు బాతుల్లో మిగతావన్నీ మల్లార్డ్ అనే అడవిబాతు సంతతి అయితే, ఇది మధ్య, దక్షిణ అమెరికాల్లో పుట్టిన జాతి. మగది బుసకొడుతుంది, ఆడది కూడా పెద్దగా అరవదు. ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేదని చాలామంది దీన్నే కొనమంటారు. నేను మాత్రం అరిచేవాటినే తెచ్చుకోమంటాను. ముంగిస వచ్చినా, కొత్త కుక్క దొడ్లోకి దూరినా మొదట చెప్పేది అవే. అయినా బాతు అరుపు వినబడని దొడ్లో బాతులుండి ఏం సుఖం?

నడకకైతే ఇండియన్ రన్నర్. పేరులో ఇండియా ఉన్నా అది ఇండోనేషియా దీవులది. నిటారుగా నిలబడుతుంది, ఒళ్ళు ఊపుకుంటూ నడవదు, పరిగెడుతుంది. బెదురెక్కువ, ఒంటరిగా ఉండలేదు, నాలుగైనా తెచ్చుకోండి. చేలో వాటిని నత్తల వెంట వదిలి కాసేపు చూస్తే నా మాట మీకే అర్థమవుతుంది.

జాతులు కలపొద్దు, చెడిపోతాయంటారు. కలపండి. ఇంగ్లండులో అడెల్ కాంప్‌బెల్ అనే ఆవిడ రన్నర్‌నీ, రూయెన్‌నీ, మల్లార్డ్‌నీ కలపబట్టే కాంప్‌బెల్ పుట్టింది. ఆవిడ ఆ మాట విని ఊరుకుంటే మనకి ఆ 300 గుడ్ల లెక్కే ఉండేది కాదు. మస్కోవీతో కలిస్తే మాత్రం పుట్టిన పిల్లలకి సంతానం ఉండదు, ఆ వంశం అక్కడితో సరి. అయినా ఒక ఆడ మస్కోవీ ఉండాల్సిందే. కాంప్‌బెల్ సరిగా పొదగదు, మస్కోవీ కదలకుండా కూర్చుంటుంది. తన గుడ్లకి 35 రోజులు కూర్చునే తల్లి, మిగతావాటి గుడ్లకి 28 రోజులు కూర్చోదా?

ఒక్క మేత విషయంలో మాత్రం నా ఇష్టం, మీ ఇష్టం అని లేదు. బూజుపట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఏ జాతికీ పెట్టకండి. అందులోని అఫ్లాటాక్సిన్‌కి బాతుపిల్లలు తట్టుకోలేవు. ఈత కొట్టడానికి చెరువు లేకపోయినా బతుకుతాయి, తల మునిగేంత లోతు నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ప్లేగు టీకా ఎప్పుడు వేయించాలో పశువుల డాక్టరుని అడగండి.

ఇక నాటు బాతు. కోతలయ్యాక గోదావరి, కృష్ణా డెల్టాల్లో మందలు తోలుకొచ్చి, రాలిన గింజల మీద మేపుకునేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. వాళ్ళనడిగి మందలోకెల్లా ముసలి ఆడబాతుని కొనండి. గుడ్లు ఉడిగిపోయిందాన్ని ఎందుకమ్మా అని వాళ్ళే వద్దంటారు. మీరు వినకండి. ఊళ్ళు తిరిగి, దారులు నేర్చిన బాతు అది. చేలోంచి గూటికి అది ముందు నడిస్తే మీ పిల్ల బాతులన్నీ వెనకాల వస్తాయి. అడిగినంత ఇచ్చి తెచ్చుకోండి. మొదట్లో కొన్నాళ్ళు గూట్లోనే మూసి ఉంచి, తడిపిన తవుడూ నూకలూ అక్కడే పెట్టండి. లేకపోతే మందని వెతుక్కుంటూ బోదె వెంట వెళ్ళిపోతుంది.