అన్‌రాప్ రాసిచ్చిన హామీ

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష భక్తులతో కాసేపు మాట్లాడి చూడండి. ప్రోగ్రాం కుప్పకూలడమన్నది వాళ్ల ఇంటా వంటా లేదు. ఎక్కడ ఏది చెడగలదో భాషే నిలదీసి రాయించుకుంటుందట. కంపైల్‌కి ఆలస్యమవుతుంది, నిజమే. ఒక్కో జెనరిక్ ఫంక్షన్‌ను వాడిన ప్రతి టైపుకూ విడిగా అచ్చేసి, ఆ మోపంతా మెషిన్ కోడ్ తయారుచేసే ఎల్‌ఎల్‌వీఎం నెత్తిన పెడితే ఆలస్యం కాక ఏమవుతుంది? వాళ్లు దాన్ని ఆలస్యమనరు, తపస్సంటారు. తపస్సు కంపైలర్ చేస్తుంది, టీ మనం తాగుతాం.

2025 నవంబరు 18న ఫలం దక్కింది. సైట్లకు కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్‌లో బాట్లను పసిగట్టే రస్ట్ కోడ్‌కి వెళ్లే ఫైలొకటి, డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పు పుణ్యమా అని, రెండింతలకు మించి ఉబ్బింది. అందులో 200 ఫీచర్లకు మించకూడదని హద్దు. వాడుతున్నవి 60 చిల్లరే కాబట్టి అంతవరకూ ఎవరికి బెంగ? హద్దు దాటింది. ఫంక్షన్ మర్యాదగా ఎర్రర్ తిరిగిచ్చింది. అందుకోవాల్సిన చోట కూర్చున్నది అన్‌రాప్. అంటే, "ఇక్కడ తప్పు జరగదు, జరిగితే అందరం కలిసే పోదాం" అని రాసిచ్చిన హామీపత్రం. జరిగింది, పోయారు. చాట్‌జీపీటీ, ఎక్స్ వగైరాలు వెంట నడిచాయి. పాపం, కంపైలర్ అడగాల్సింది అడిగింది. జవాబే అబద్ధం.

గో వాళ్లు నవ్వుకున్నారు. గూగుల్‌లో సీ ప్లస్ ప్లస్ బిల్డులు ఎంతకీ తెమలక విసిగినవాళ్లు 2009లో బయటపెట్టిన భాష వాళ్లది. చిటికెలో కంపైల్. మిగిలిన సమయమంతా "ఎర్రర్ నిల్ కాకపోతే" అని టైపు చేయడానికి ఖర్చు. మూడు లైన్ల పనికి తొమ్మిది లైన్ల పరామర్శ! 2019లో 'ట్రై' అనే అడ్డదారి చూపిస్తే జనం మీదపడి వెనక్కి తీసుకునేలా చేశారు. 2025లో గో బృందం ఇప్పట్లో ఎర్రర్ సింటాక్స్ జోలికి పోమని దండం పెట్టేసింది. అసలు వింత వేరే ఉంది. వాడని వేరియబుల్ కనబడితే బిల్డే ఆపేసే ఆ కంపైలర్, ఎర్రర్‌ను అండర్‌స్కోర్‌లోకి విసిరేస్తే కిక్కురుమనదు.

జావా సంగతి అందరికీ తెలిసిందే: చెక్డ్ ఎక్సెప్షన్‌ను పట్టుకోకపోతే, లేదా పైకి నెట్టకపోతే కదలనివ్వదు, పట్టుకుని గొంతు నులిమితే అడగదు. ఖాళీ క్యాచ్ బ్లాకులో "తర్వాత చూద్దాం" అన్న కామెంటు మాత్రం తప్పనిసరి.

కొత్త భాష కనిపెట్టేవారికి నా విన్నపం ఒకటే. అన్‌రాప్, అండర్‌స్కోర్, ఖాళీ క్యాచ్, ఏది కనబడినా కంపైలర్ ఆగి, రాసినవాడి ఫోన్ నంబరు అడగాలి. రాత్రి రెండింటికి ఎత్తే నంబరు.