షవర్ కింద రాజసం, పంపు కింద బకెట్టు

హైదరాబాదులో పై అంతస్తు ఫ్లాటు కొనేవాడికి బిల్డరు గాలి, వెలుతురు, దూరాన కనబడే చెరువు అన్నీ ఇస్తాడు. అంతస్తుకింత చొప్పున వాటికి విడిగా వసూలు కూడా చేస్తాడు. నీళ్ల ఒత్తిడి మాత్రం ఇవ్వడు. అది ఇవ్వాలంటే డాబా మీది ట్యాంకును ఇంకాస్త పైకి లేపాలి. లేపితే సిమెంటు, ఇనుము ఖర్చు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. పై ఫ్లాటు షవరుకీ ట్యాంకుకీ మధ్య మూడు మీటర్లుంటే అదే మహాభాగ్యం. అంటే దక్కేది ఒక బార్‌లో మూడో వంతు కూడా కాదు. దాని కింద పళ్లెమంత రెయిన్ షవర్ బిగించి, వాన కురవలేదని ఇంటాయన ఆకాశం కేసి చూస్తాడు.

ఆ షవర్ షోరూములో కుండపోతగా కురిసింది మరి. గోడ వెనక మోటారు తిరుగుతోందని అక్కడ ఎవరూ చెప్పలేదు. వారం తిరక్కుండా ఇంటికి ప్రెజర్ పంపు వచ్చింది. దాని వెనకే లీకు వచ్చింది. లీకు వెనక ప్లంబరు వచ్చాడు.

మన ప్లంబరు మహాశయుడిది ఒకటే సిద్ధాంతం: నీళ్లు కనబడిన చోటే లీకు. పైన యూనియన్ జాయింటులో పుట్టిన చుక్క పంపు ఒళ్లంతా ప్రదక్షిణ చేసి కింద కాలు దగ్గర రాలుతుందని ఆయనకు పట్టదు. కాలు దగ్గర ఎంసీల్ పెడతాడు. మర్నాడు ఇంకో మూల తడి, అక్కడా ఎంసీల్. టెఫ్లాన్ టేపు ఓ చుట్ట, పాత సైకిల్ ట్యూబు ముక్క ఓటి. నెల తిరిగేసరికి పంపు ఏ కంపెనీదో గుర్తుపట్టలేనంతగా దానికి కట్లు కడతాడు. అడిగితే, "ఏం గాదు సార్, కొత్తది గదా, నాల్గు దినాలైతే అదే సెట్ అయితది" అంటాడు. లీకు సెట్ అవుతుంది, నిజమే. స్థిరనివాసం ఏర్పరచుకుంటుంది.

చేయవలసిన పని చూస్తే నవ్వొచ్చేంత చిన్నది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, వాల్వు మూసి, పంపును పొడిగుడ్డతో తుడవాలి. ప్రతి జాయింటుకీ ఓ కాగితం ముక్క చుట్టాలి. ముందు వాల్వు మాత్రం తెరిచి చూడాలి. మోటారు తిరక్కుండానే ఏ కాగితం తడిసిందో లీకు ఆ జాయింటుది. ఏదీ తడవకపోతే పంపు ఆన్ చేసి, చెయ్యి పెట్టకుండా దూరం నుంచి చూడాలి. మోటారుకీ పంపు తలకీ మధ్య సందులోంచి చుక్క రాలిందా, దోషి మెకానికల్ సీల్.

ఈ సీల్ సంగతి చెప్పేవాడు దొరకడు గనక ఇక్కడే చెప్పాలి. మోటారు నుంచి వచ్చే ఇరుసు నీళ్లలోకి దిగే చోట ఒక కార్బన్ బిళ్ల, ఒక సెరామిక్ బిళ్ల ముఖాముఖి ఒరుసుకుంటూ ఉంటాయి. ఒక స్ప్రింగు వాటిని కలిపి నొక్కి ఉంచుతుంది. మధ్యలో పల్చటి నీటి పొరే వాటికి చలవ. ట్యాంకు ఖాళీ అయినా పంపు తిరుగుతూ ఉంటే ఆ పొర ఆరిపోయి బిళ్లలు వేడెక్కి బీటలిస్తాయి. బోరు నీళ్లలోని సున్నం, ఇసుక వాటిని గీకేస్తాయి. దాని మీద పైనుంచి ఎంత ఎంసీల్ మెత్తినా, మోకాలికి దెబ్బ తగిలితే తలకి కట్టు కట్టినట్టే. సీల్ ఖరీదు వందల్లో ఉంటుంది. మార్చకపోతే ఆ నీరు బేరింగుకీ, అక్కణ్ణుంచి వైండింగుకీ పాకుతుంది. అప్పుడు వేల రూపాయల కొత్త పంపు కొనిపించడానికి అందరూ సిద్ధం.

పంపు అర్ధరాత్రి ఎవరూ లేపకుండానే లేచి గుర్రుమంటే కారణం ఎక్కడో కారే ఫ్లష్ ట్యాంకో, నీటిని వెనక్కి పోనివ్వకుండా ఆపవలసి ఉండీ పట్టు వదిలిన ఎన్‌ఆర్‌వీ వాల్వో. ఒత్తిడి తగ్గగానే ప్రెజర్ స్విచ్ మోటారును నిద్ర లేపుతుంది. మనవాళ్లు ఎన్‌ఆర్‌వీ చూడరు, వాస్తు పండితుణ్ణి పిలుస్తారు. ఆయన పంపును ఈశాన్యానికి జరిపిస్తాడు. దారిలో మూడు ఎల్బోలు పెరుగుతాయి. లీకుకు కొత్త చిరునామాలు దొరుకుతాయి.

కంపెనీ సర్వీసు మనిషి వచ్చి బిగింపు తప్పంటాడు. బిగించినవాడు కంపెనీ తప్పంటాడు. అదురుతున్న పంపుకు బిరుసుగా ఉండే సీపీవీసీ పైపును సూటిగా అతికించి, నడుమ ఒక ఫ్లెక్సిబుల్ గొట్టం, కాళ్ల కింద ఒక రబ్బరు ముక్క కూడా పెట్టని మాట ఇద్దరూ ఎత్తరు. వాదన ముదిరాక ఇద్దరికీ రాజీ కుదురుతుంది: "నీళ్లే మంచివి కాదు సార్!" వారంటీ కార్డు తీస్తే, అరిగిపోయే భాగాలకు వర్తించదట. అరగని భాగాలకు పూర్తి హామీ!

సెకనుకో చుక్క కారితే రోజుకు సుమారు 20 లీటర్లు. నూరు కిలోమీటర్లు దాటి నగరానికొచ్చిన కృష్ణా నీళ్లు బాల్కనీలో బకెట్టు పాలవుతుంటే, లిఫ్టులో 'నీటిని పొదుపుగా వాడండి' అని సంఘంవారి నోటీసు. కింద గేటు దగ్గర ట్యాంకరు.

ఇక నవ్వు ఆపాల్సిన చోటు. తడి మోటారులోకి పాకి ఆర్‌సీసీబీ పడిపోతుంటే, దాన్ని బైపాస్ చేసి "ప్రాబ్లం సాల్వ్ సార్" అనే ఎలక్ట్రీషియన్లున్నారు. ఇంట్లో ఆ పెట్టె 30 మిల్లీఆంపుల లీకుకే కరెంటు కట్ చేసేది మనిషి బతకాలని. నీళ్ల లీకు పట్టలేనివాడు కరెంటు లీకు పట్టే దాన్ని పీకేసి డబ్బులడిగితే, ఇవ్వకండి. ముందు దాన్ని మళ్లీ పెట్టించండి.

మీరు సొంతంగా కొన్న పంపుకు బిల్డరు పూచీ లేదు. కానీ పంపు ఒప్పందపత్రంలో ఉన్నా, అసలు పైపుల పనితనంలోనే లోపమున్నా 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ చదవండి. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు అలాంటి లోపం అతని దృష్టికి తెస్తే 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. ఫోన్లు, బతిమాలడాలు వద్దు. కాగితం మీద రాసి పంపి, రసీదు దాచుకోండి.