రాజును తిట్టకుండా ఏడవడం ఎలా?

ఎడబాటుతో ఏడిపించే రాజుల కాలపు ప్రేమకథను చూడటం ఒక విద్య. కళ్లూ చేతిరుమాలూ ఉంటే సరిపోదు. ఎవరిని తిట్టాలో, ఎంత తిట్టాలో, ఎవరి జోలికి పోకూడదో ముందే తెలిసి ఉండాలి. ఇదేదో కొత్త జబ్బనీ, కర్నూల్లో, కడపలో పిల్లలు నిద్ర మానుకుని ఫోన్లలో చైనా ధారావాహికల యువరాజుల కోసం ముక్కు చీదుతున్నారనీ పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయం లేదు. పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ తరఫున 'మల్లీశ్వరి' తీశారు. 1951 డిసెంబరులో ఇక్కడ విడుదలైన ఆ సినిమా, 1953లో చైనా భాష ఉపశీర్షికలతో పెకింగ్ ప్రేక్షకుల ముందుకు వెళ్లింది. అంటే వాళ్ల యువరాజు మన ఫోన్లోకి రాకముందే మన కథానాయకుడు నాగరాజు వాళ్ల తెరమీద కన్నీళ్లు పెట్టించి వచ్చాడు. కాబట్టి పిల్లల్ని ఏడవనివ్వండి. కాకపోతే పద్ధతిగా ఏడవడం నేర్పండి. ఆ పద్ధతికి పాఠ్యపుస్తకంగా 'మల్లీశ్వరి'ని మించింది లేదు.

మొదటి మెట్టు: కథలో నోరు జారినవాణ్ణి పట్టుకోండి. వీరాపురం బావామరదళ్లు నాగరాజూ మల్లీ సంతకు పోయి ఎడ్లబండి మీద తిరిగి వస్తుంటే వాన పట్టుకుంటుంది. పాత మంటపంలో తలదాచుకుంటారు. మల్లి అక్కడ ఆడిపాడుతుంది. మారువేషంలో అటు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలూ అల్లసాని పెద్దనా ఆ ఆట చూసి మెచ్చుకుంటారు. ఆ మెప్పుకు ఉబ్బిపోయిన కుర్రవాడు, వచ్చింది ఎవరో తెలిశాక, మా మల్లికి రాణివాసపు పల్లకి పంపించండని సరదాగా అంటాడు. అంతే, దొరికాడు. "ఆ నోటిని కట్టేసుకోని ఉంటే సరిపోయేది కదబ్బీ!" అని కడపలో, "నీకెందుకప్పా ఆ పెద్ద మాట?" అని ఆదోనిలో, ఎవరి యాసలో వాళ్లు తిట్టుకోవచ్చు. తిట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. పిల్లవాడి ఎకసెక్కాన్ని నిజం చేయగల అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న నాలుక చివరికి వస్తే, కాసిన్ని మంచినీళ్లు తాగి మింగేయండి.

రెండో మెట్టు: అమ్మను తిట్టండి. మల్లి తల్లి నాగమ్మకు డబ్బాశ ఎక్కువ. చేతిలో కాసులు లేని మేనల్లుడికి పిల్లనివ్వనంటుంది. వాడు సంపాదించుకొస్తానని ఊరు విడుస్తాడు. వాడు తిరిగి వచ్చేలోపే పల్లకి వస్తుంది, నాగమ్మ మురిసిపోతుంది. ఇంతకంటే అనువైన దోషి దొరకదు. తిట్లు పూర్తయ్యాక, ఓపిక మిగిలితే, నాగరాజు మీదికి మళ్లండి. ప్రేమించినవాడు ఆ సమయంలో ఊరొదిలి ఎందుకు పోయాడని నిలదీయండి. ఈ ప్రశ్న కోస్తాలో ఎవరైనా అడిగితే సరే అనుకోవచ్చు. కోసిగి, పెద్దకడుబూరు వైపు ఇంటికి తాళమేసి సుగ్గికి వలస పోయే కుటుంబాలున్న కర్నూలు జిల్లాలో, కువైట్ నుంచి వచ్చే డబ్బుతో పెళ్లిళ్లు చేసే కడప సీమలో ఈ ప్రశ్న అడగడానికి కొంచెం సాధన కావాలి. వానలు ముఖం చాటేసినచోట సంపాదన కోసం ఊరు విడవడం ప్రేమ తక్కువై జరిగే పని కాదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. నాగమ్మ బెంగకు కూడా ఇక్కడ అర్థం చెప్పనక్కరలేదు. అయినా తెర ముందు కూర్చున్నంతసేపు ఆ తెలివిని చెప్పులతోపాటు బయటే విడిచి రావాలి. లేకపోతే తిట్టడానికి మనుషులు మిగలరు, చూపు నేరుగా సింహాసనం మీదికి పోతుంది.

మూడో మెట్టు అన్నిటికన్నా ముఖ్యం: రాజు జోలికి పోకండి. ఆయన కళాపోషకుడు, పక్కన పెద్దన ఉన్నాడు, పైగా ఆయన చేసిందంతా సన్మానమే. ఇక్కడ వాదించేవాళ్లుంటారు. రాయలకు దురుద్దేశం లేదు కదా, కుర్రవాడు అడిగితేనే కదా పంపాడు, తప్పు ఎక్కడుంది అంటారు. నిజమే, దురుద్దేశం లేదు. ఆ కథ గొప్పతనమే అది. దుర్మార్గుడు ఒక్కడూ లేకుండా రెండు జీవితాలు నలిగిపోతాయి. కానీ పల్లకి వాకిట్లో దిగినప్పుడు వస్తావా అని మల్లిని అడిగినవాళ్లు లేరు. రాణివాసంలోకి పోయినదానికి బయటి మనుషులతో మాట ఉండదు. నగరానికి వచ్చి రాతిలో ఆమె పోలికలే చెక్కుతున్న శిల్పి నాగరాజుకు ఆమెను చూసే దారి లేదు, గోడ దాటితే ప్రాణాలకే ముప్పు. ఈ కట్టుబాట్లలో ఒక్కటి కూడా నాగమ్మ పెట్టింది కాదు, నాగరాజు నోటిదురుసు వల్ల పుట్టిందీ కాదు. మంచి రాజైనా, చెడ్డ రాజైనా పల్లకి ఎక్కిన పిల్ల వెనక్కి రాలేదన్నది అసలు సంగతి. మంచి రాజును చూపించడం వల్లే అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఈ పద్ధతిలో ఆ వైపు చూడటం నిషిద్ధం.

ఈ నిషేధం ఒక్క సినిమాకే పరిమితమనుకోకండి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ' ప్రదర్శనతో సురభి నాటక సమాజం పుట్టింది. ఆ కథ ఎవరినడిగినా కీచకుడి కండకావరం గురించి చెప్తారు. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు సింహాసనం మీద కూర్చుని చూస్తూ ఊరుకున్న విరాటరాజు గురించి చెప్పేవాళ్లు అరుదు. హరిశ్చంద్ర నాటకం ఇంకా తేటగా ఉంటుంది. మోయలేని అప్పు నెత్తిన పెట్టింది విశ్వామిత్రుడు, వసూలుకు వెంటపడింది అతని శిష్యుడు నక్షత్రకుడు. కాటిసీనులో పద్యానికి వన్స్‌మోర్ కొట్టి కళ్లొత్తుకున్న జనం ఇంటికి పోతూ తిట్టుకునేది నక్షత్రకుణ్ణే. విశ్వామిత్రుడు మాత్రం పరీక్ష పెట్టిన మహర్షిగా గౌరవంగా తెర వెనక్కి వెళ్తాడు. వసూలుకు వచ్చిన గుమాస్తా మీద కోపం, అప్పు రాసిన ఆసామికి దండం. ఈ అలవాటు మనకు ఇంత పాతది.

ఇక చైనా కథలకు వద్దాం. అక్కడి ప్రేక్షకులు ఏకంగా యువరాజునే తిడతారు కదా, నీ సిద్ధాంతం అక్కడ చెల్లదు అని ఎవరైనా అనవచ్చు. 2019లో వచ్చిన 'గుడ్‌బై మై ప్రిన్సెస్' చూసినవాళ్లు యువరాజు లీ ఛెంగ్‌యిన్‌ను తిట్టిన మాట వాస్తవమే. అతను టీ వర్తకుడి వేషంలో వచ్చి రాజకుమారి షియావ్‌ఫెంగ్ మనసు గెలుచుకుంటాడు. ఆమె తాతనూ, తాత తెగనూ నాశనం చేయించిన దండయాత్ర అతనిదే. ఆ తర్వాత ఇద్దరూ గతం మరిచిపోతారు, మళ్లీ ప్రేమ మొదలవుతుంది, జ్ఞాపకం తిరిగి వచ్చాక రెండు సైన్యాల మధ్య ఆమె తన ప్రాణం తానే తీసుకుంటుంది. ఇంత చూశాక జనం తెల్లవార్లూ వాదించుకునే ప్రశ్న ఏమిటంటే, అతను ఆమెను నిజంగా ప్రేమించాడా లేదా అని. ప్రేమించాడని తేలితే కాలిపోయిన గుడారాలు తిరిగి లేస్తాయా? ప్రియుడిగా అతన్ని ఎంతైనా తిడతారు, అతను ఒక్క కన్నీటి బొట్టు రాల్చగానే సగం మంది కరిగిపోతారు. సింహాసనం కోసం ఒక తెగను తుడిచిపెట్టిన రాజకుమారుడిగా అతన్ని విచారించడం మాత్రం ఎవరికీ తోచదు. కాబట్టి మూడో మెట్టుకు భంగం లేదు. చైనా యువరాజును తిట్టాలనిపిస్తే భర్తగా తిట్టండి, చాలు.

నాలుగో మెట్టు: కథానాయికను మాట్లాడమనండి. "ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేదానికి ఇన్ని భాగాలా?" అని విసుక్కోవడం ఈ విద్యలో అందరూ సులువుగా ఎక్కే మెట్టు. 2011 నాటి చైనా ధారావాహిక 'స్కార్లెట్ హార్ట్'లో ఈ కాలపు అమ్మాయి కాంగ్‌షీ చక్రవర్తి కాలంలోకి జారిపడుతుంది. ఏ రాజకుమారుడి గతి ఏమవుతుందో చరిత్రలో చదువుకుని వచ్చిన పిల్ల. ఆమెకు తెలియక కాదు నోరు విప్పనిది. అంతఃపురంలో ఒక్క మాటకు ఎన్ని తలలు తెగుతాయో తెలిసే విప్పదు. మల్లి మబ్బులతో కబురు పంపుతూ పాడుకోవడం కూడా మనుషులతో పంపే దారి లేకే. మాట్లాడితే తీరిపోయే చిక్కు అని మనం అనుకుంటున్నాం, మాట్లాడటమే నేరమైన ఇంట్లో వాళ్లున్నారు. ఇది గమనించినా గమనించనట్టే ఉండండి. ఆమె మీద విసుగు తీరాక కథ రాసినవాళ్ల మీద పడండి. నచ్చిన పాత్రను చంపిన రచయితకు బ్లేడు పంపిస్తామని బెదిరించే ముచ్చట చైనా పాఠకుల్లో ఉంది. అదీ ఈ పద్ధతికి తగిన పనే. తిట్టు ఎప్పుడూ చేతికి అందేవాళ్లకే తగలాలి.

ఇప్పుడు ఒక పెద్ద అభ్యంతరం. రోజంతా పనిచేసి వచ్చి గంటసేపు కమ్మగా ఏడుద్దామని కూర్చున్నవాళ్లకు ఈ రాజ్యాంగ చర్చ ఎందుకు, అపార్థం లేకపోతే కథే లేదు, కథలో న్యాయం వెతకడం పులుసులో ముల్లు వెతికినట్టే కదా అంటారు. ఏడవడానికి అడ్డు లేదు. ఎడబాటు రుచి తెలిసినవాళ్లు దాన్ని పొడిగించమనే కోరుకుంటారు, బావామరదళ్లకు మొదటి రీలులోనే పెళ్లి చేసేస్తే టికెట్టు డబ్బులు వెనక్కి ఇమ్మంటారు. కానీ ఏడుపు వేరు, తీర్పు వేరు. ఏడ్చి ఊరుకునే ప్రేక్షకుడు ఎక్కడా లేడు. వాడి వల్లే, ఆమె వల్లే అని వేలు చూపించకుండా లేచిపోయేవాడూ లేడు. కథ ఉత్తదే కావచ్చు, ఆ వేలు మాత్రం నిజమైనది. అది ప్రతిసారీ ఒకే దిక్కున, బలం లేనివాళ్ల వైపు తిరగడం అలవాటైతే ఆ అలవాటు తెర ఆరిపోయాక మాత్రం మానుతుందా? రేషను కార్డు రాకపోతే కిటికీ వెనక ఉన్న మనిషిని మాత్రమే తిట్టి ఇంటికొచ్చేది ఇదే వేలు.

ఐదో మెట్టు: చివర్లో చప్పట్లు కొట్టండి. నాగరాజు రాణివాసం గోడ దాటి పట్టుబడతాడు. ఇద్దరికీ శిక్ష తప్పదనిపించే ఘడియలో రాయలకు అసలు సంగతి తెలుస్తుంది, క్షమిస్తాడు, జంట ఒక్కటవుతుంది. ఇక్కడ గొంతు పూడుకుపోవాలి. తన పల్లకే తెచ్చిన ఆపదను తానే తీసేసిన ప్రభువు దయకు దండం పెట్టాలి. పోయిన కాలానికి లెక్క ఎవరు చెప్తారని పక్కసీటువాళ్లు గొణిగితే, చేతిలో పల్లీల పొట్లం పెట్టి నోరు మూయించండి.

ఇన్ని మెట్లూ ఎక్కినవాళ్లకు చివరగా ఒక హెచ్చరిక. ఈ సీమలోనే ఈ పద్ధతికి ఎదురు నడిచే జనం ఉన్నారు, వాళ్ల దగ్గరికి పోతే నేర్చుకున్న విద్య పాడవుతుంది. ఢిల్లీ సుల్తాను కూతురు వెంకటేశ్వరస్వామిని ప్రేమించిందన్న బీబీ నాంచారి కథ ఏడిపించే చారిత్రక ప్రేమకథకు ఏమాత్రం తీసిపోదు. ఉగాదినాడు దేవుని కడపకు వచ్చే ముస్లింలు ఆమెను ఏడిపించినవాళ్లెవరని వెతకరు. మా ఆడబిడ్డ అనుకుని టెంకాయలూ భత్యమూ పట్టుకొచ్చి వెంకటేశ్వరుణ్ణి అల్లుడి వరసలో నిలబెడతారు. అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నాడు కనుక సంక్రాంతి తర్వాత నలభై రోజులకు పైగా పారువేటలో పల్లకి ఎక్కి ఊరూరూ తిరగాల్సిందే. ఇక్కడ పల్లకి పిల్లను ఎత్తుకుపోవడానికి రాదు, పిల్ల తరఫు వాళ్ల వాకిళ్లకు స్వామినే మోసుకొస్తుంది. దేవుడంతటివాణ్ణి వరస కలిపి అల్లుణ్ణి చేశాక దండంతోపాటు జవాబు అడిగే హక్కు కూడా వస్తుంది. ఈ జనంతో కలిసి కూర్చుని ఒక్క చైనా కథ చూశారంటే అన్ని భాగాల్లోనూ నాగమ్మలాంటివాళ్లను తిట్టడానికి ఒక్క నిమిషం కూడా మిగలదు, పల్లకి ఎవరు పంపారని అడగడానికే సరిపోతుంది.