రెండో సంతకం

ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు మాస్టారుగా చేసినవాడికి వచ్చే జబ్బు నాకూ వచ్చింది. ఎవరు ఏ కాగితం రాయమన్నా కాదనలేను. శుభలేఖ, సన్మానపత్రం, ఎమ్మార్వోకి అర్జీ, ఏదైనా సరే. అందుకే తెనాలిలో మా మేనమామ "ఒరేయ్, నా వీలునామా రాసిపెట్టాలిరా" అన్నప్పుడు, లాయరు దగ్గరికి వెళ్దాం మావయ్యా అనే మాట నా నోటికి రాలేదు. "రేపు పొద్దున్నే వస్తా" అన్నాను.

ఆయన కోరిక చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. రైల్వే జీతంతో కట్టుకున్న ఇల్లు చిన్నమ్మాయికి. మొగుడు పోయినప్పట్నుంచీ పదకొండేళ్ళుగా తండ్రిని కనిపెట్టుకుని ఉన్నది ఆమే. ఎకరంన్నర పొలం పెద్దమ్మాయికీ, డాలస్‌లో ఉన్న అబ్బాయికీ చెరిసగం. అంతా స్వార్జితం కాబట్టి ఎవరికి రాసుకున్నా కాదనేవాళ్ళు లేరు.

ఆ రెండు నిమిషాల మాటని నేను నాలుగు పేజీలు చేశాను. "అశాశ్వతమైన ఈ శరీరము ఏ క్షణమున రాలిపోవునో ఎరుగనివాడనై" అని ఎత్తుకున్నాను. "దాన విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా" దగ్గర నా దస్తూరీ చూసి నేనే ముచ్చటపడ్డాను. చివర్లో ఎగ్జిక్యూటరుగా, అంటే వీలునామా అమలు జరిపేవాడిగా, నన్నే నియమిస్తున్నట్టు, ఆయన అడక్కుండానే, ఒక పేరా చేర్చాను. చదివి వినిపిస్తే మావయ్య తలూపాడు. కొంచెం నిద్రలో ఉన్నాడేమో కూడా.

బ్యాంకులో ఉన్న డిపాజిట్ల సంగతి రాయాలా అని ఆయనే అడిగాడు. "నామినీ అబ్బాయేగా, అవి వాడివే అయిపోతాయి" అన్నాను. నామినీ అంటే సొమ్ము చేతికి తీసుకునేవాడే తప్ప సొంతదారు కాడని ఎల్‌ఐసీ పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. నాకా ముక్క 2023లో తెలిసింది.

సంతకం రోజు మధ్యాహ్నం వసారాలో కుర్చీలు వేశాం. మావయ్య ప్రతి పేజీ కిందా వణుకుతున్న చేత్తో సంతకం పెట్టాడు. పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు మొదటి సాక్షి. రెండో సాక్షిగా మెడికల్ షాపు కుర్రాణ్ణి అనుకున్నాం, నా దగ్గర చదువుకున్నవాడే. అతను రాలేదు. అయిదింటి దాకా చూశాం. పోస్టుమాస్టరు గారు పెరుగు తోడేయాలని వెళ్ళిపోయారు. మర్నాడు నేనే కాగితాలు సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్ళాను. దగ్గు మందు సీసాలు పక్కకి జరిపి, కౌంటరు మీద సంతకం చేశాడు. "తేదీ నిన్నటిది వెయ్యి" అని నేనే చెప్పాను.

రిజిస్ట్రారాఫీసుకి పోదామని మావయ్య ఒకసారి అన్నాడు. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, స్టాంపు డ్యూటీ కూడా లేదని, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుందని ఉపన్యాసం ఇచ్చాను. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

తర్వాతి ఏడాది పోస్టుమాస్టరు గారు పోయారు. ఎనభై ఏళ్ళ మనిషిని సాక్షిగా పెట్టుకున్న మా తెలివికి ఏం చెప్పను! ఆ కార్తీకంలో మావయ్య కూడా వెళ్ళిపోయాడు.

ఇక చూడాలి నా ఎగ్జిక్యూటరు దర్జా. బీరువా తాళాలు మొలతాడుకి కట్టుకున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్ళతో "అన్నీ నా మీద పెట్టి పోయాడు" అని నిట్టూర్చేవాణ్ణి. మావయ్య ఏటీఎం కార్డు పిన్ నంబరు నాకు తెలుసు. ఆ కార్డుతోనే పెద్దకర్మకి నలభై వేలు తీశాను. మనిషి పోయాక ఆ కార్డు వాడకూడదని, ముందు బ్యాంకుకి చెప్పి మరణ ధ్రువపత్రం ఇవ్వాలని తట్టలేదు. అంత్యక్రియల ఖర్చు అప్పులన్నిటికంటే ముందు ఆస్తిలోంచి చెల్లించాల్సిందే, చట్టంలో ఉన్నదే. కానీ దానికి రసీదులుండాలి. నా పుస్తకంలో "పూలకి, బ్రాహ్మలకి, వంటవాళ్ళకి, ఇతరములు" అని మాత్రం ఉంది. ఇతరములు పదకొండు వేల చిల్లర.

బావమరిది డాలస్ నుంచి వచ్చి, "బావా, ఆ లెక్క ఒకసారి చూపిస్తావా" అన్నాడు. నాకు చర్రున లేచింది. మేనమామ సొమ్ము తిన్నానా అని గట్టిగా అరిచాను కూడా. వీలునామాకి కోర్టు ధ్రువీకరణ, అంటే ప్రొబేట్, తీసుకున్న ఎగ్జిక్యూటరైతే ఆరు నెలల్లో ఆస్తుల పట్టిక, ఏడాదిలో జమాఖర్చులు దాఖలు చెయ్యాలట. అంటే వాడు అడిగింది ఆ పదవిలో మొదటి పని. నేను దాన్ని అవమానం అనుకున్నాను.

పొలం పాసుపుస్తకాల పేరు మార్పు గురించి అడుగుదామని వీలునామా పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా నాలుగు పేజీలూ చదవలేదు. నాకు కాస్త నొప్పి కలిగింది. నేరుగా చివరి పేజీకి పోయి, "ఈ ఇద్దరూ ఆయన సంతకం పెడుతుండగా చూశారా?" అన్నాడు.

చెప్పాను.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. 1925 నాటి వారసత్వ చట్టం, 63వ సెక్షన్. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండనక్కర్లేదు. కానీ ఒక్కొక్కరూ రాసినాయన సంతకం చేయడం చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమేనని ఆయన నోట విని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తమ సంతకం చెయ్యాలి. మెడికల్ షాపు కౌంటరు దగ్గర మా మావయ్య లేడు. ఉన్న ఒక్క సాక్షినీ కోర్టులో నిలబెడితే ఈ సంగతే చెబుతాడు. "అయితే నేను?" అన్నాను. "వీలునామాయే నిలబడనప్పుడు మీరు ఎగ్జిక్యూటరు ఎలా అవుతారు మాస్టారూ?" అన్నాడు. లేని ఉద్యోగంలో రెండు నెలలు పెత్తనం చేశానన్నమాట.

ఇప్పుడు చెప్పేది మా ఆవిడకి కూడా చెప్పలేదు. అక్కణ్ణుంచి ఇంటికి పోకుండా మెడికల్ షాపుకి వెళ్ళాను. జనం తగ్గేదాకా బల్ల మీద కూర్చుని, "ఒరేయ్, వసారాలో నువ్వూ ఉన్నావని ఒక్క మాట అంటే సరిపోతుందిరా" అన్నాను. వాడు బిళ్ళలు లెక్కపెడుతూ తలెత్తలేదు. "ఇక్కడే సంతకం పెట్టించారు కదండీ మాస్టారూ" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. నేను ఏదో దగ్గు మందు కొనుక్కుని వచ్చేశాను.

వీలునామా లేదంటే 1956 చట్టం ప్రకారం ముగ్గురు పిల్లలకీ అన్నిట్లోనూ సమాన వాటా. పెద్దమరదలు తన వంతు ఇంటి హక్కు విడుదల దస్తావేజు రాసి చెల్లెలికి ఇచ్చేసింది. బావమరిది ఇవ్వలేదు. వాణ్ణి దుర్మార్గుడనలేను. "నాన్న నిజంగా అలా అనుకుని ఉంటే సరిగ్గా రాయించేవాడు బావా. టికెట్టు మీద ముద్ర సరిగ్గా పడకపోతే రైలెక్కనిచ్చేవాడు కాడు" అన్నాడు. రాయించుకోవడానికి మా మావయ్య నమ్మింది ఎవర్నో నేను గుర్తు చెయ్యలేదు. ఇంట్లో వాడి మూడో వంతుకి చిన్నమరదలు తన పొలం వాటా వదులుకుని, ఆ పైన నాలుగు జతల గాజులు అమ్మింది.

రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రం బీరువా తాళాలు ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె కాఫీ ఇచ్చి, "బావా, ఆ వీలునామా ఇంక ఎందుకూ పనికిరాదటగా, నాకు ఇచ్చెయ్యి" అంది. చింపేస్తుందేమో అనుకుంటూ సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె చివరి పేజీ విడదీసింది. నా వాక్యాలన్నీ లోపలికి పోయేలా మడిచి, వాళ్ళ నాన్న సంతకం మటుకు పైకి కనబడేట్టు దేవుడి గూట్లో పటం అంచుకి దోపింది.