టాక్సీ చక్రంలో తిరిగిన బేరింగ్ ఆత్మకథ

హైదరాబాద్‌లో నయాపూల్ దగ్గర ఓ మెకానిక్ షెడ్డు. అక్కడ కిరోసిన్ డబ్బా పక్కన పారేసిన పాత సామాన్లలో ఓ వీల్ బేరింగ్ ఉంది. టాక్సీ ముందు కుడి చక్రంలో తిరిగి తిరిగి అరిగిపోయిన ప్రాణి అది. తన కథను వంశం గొప్పతోనే మొదలుపెడుతుంది.

"మా మూలపురుషుడు 1794లోనే పేటెంటు పొందాడు" అంటుంది. అబద్ధమేమీ కాదు. బండి ఇరుసుకు బాల్ బేరింగ్ వాడే పద్ధతికి వేల్స్ వాసి ఫిలిప్ వాన్ పేటెంటు తీసుకున్నది ఆ ఏడాదే. మన దేశంలో 1946లో జైపూర్‌లో బేరింగుల కంపెనీ వెలిసింది. ఇక దీని ఒంటి సంగతి: లోపలో రింగు, బయటో రింగు, నడుమ రెండు వరుసల ఉక్కు గోలీలు, వాటి చుట్టూ గ్రీజు, రెండు పక్కలా సీళ్లు.

ఆ సీళ్లే దానికి రక్ష. 2020 అక్టోబర్ వానలకు పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు ఈ టాక్సీ కూడా నీళ్లలో నానింది. సీలు అంచు దాటి బురదనీళ్లు దిగాయి. గ్రీజు పలచబడింది. గోలీలు దొర్లే దారిలో ముందు తుప్పు చుక్కలు, తర్వాత గుంటలు పడ్డాయి.

మోత అప్పుడు మొదలైంది. బండి వేగం పెరిగేకొద్దీ తిరగలి తిప్పినట్టు గుయ్యిమనేది. డ్రైవర్ టైర్ల మీద అనుమానపడి ముందువి రెండూ మార్పించాడు. మోత తగ్గలేదు.

"ఉస్తాద్, కొత్త టైర్లు కూడా మోగుతున్నయ్."

"టైరు కాదు భాయ్, బేరింగ్ పోయింది."

ఉస్తాద్ బండి నడిపి చూశాడు. స్టీరింగ్ ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. మోత అప్పుడే పెరిగింది. జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకా ఆడింది. అలా కాక పక్కలు పట్టుకుని ఊపినప్పుడే ఆడితే టై రాడ్‌ను అనుమానించాలి. ఆఖరున ఒక చేయి స్ప్రింగు మీద ఆనించి రెండో చేత్తో చక్రం తిప్పాడు. లోపలి గరగర వేళ్లకు తెలిసింది.

బేరింగ్‌కు ఇప్పటికీ సుత్తి పేరు చెబితే భయమే. సీళ్లున్న కొత్త రకాన్ని విప్పి గ్రీజు పెట్టడం కుదరదు, మార్చాల్సిందే. హబ్‌ను పట్టి ఉంచే నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రెస్ ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. సుత్తితో కొడితే గోలీల దారి నొక్కుకుపోయి, కొత్తది కూడా త్వరలోనే మోగుతుంది. పాత జీపుల్లోని టేపర్ రోలర్ల తీరు వేరు: కిరోసిన్‌తో కడిగి, గుంటలుగానీ వేడికి పట్టిన నీలిరంగుగానీ లేవని చూసి, కొత్త గ్రీజు దట్టించి, కొత్త సీలు వేసి మళ్లీ వాడతారు.

వరద నీళ్లలో మీ బండి దిగితే ఆలస్యం చేయకుండా చక్రాలు లేపించి తిప్పి చూడండి. బేరింగ్ మార్పించే ముందు ఆ షెడ్డులో ప్రెస్ ఉందా, హబ్ నట్టును టార్క్ రెంచితో బిగిస్తారా అని అడిగి తెలుసుకోండి.